నీలం మూతలు

ఆ వానాకాలమంతా మా ఇంట్లో పాలు ఫ్రిజ్ బయటే ఉన్నాయి.

అది మా అత్తమ్మ అండాలమ్మ చేసిన ఏర్పాటు. వంటింటి కిటికీ గట్టు మీద వెడల్పాటి గిన్నెలో చల్లనీళ్లు పోసి, అందులో పాలగిన్నె పెట్టి, పైన తడిగుడ్డ కప్పేది. ఫ్రిజ్‌లో మా ఆలుమగల ఎంగిలి ఉన్నంతకాలం పాలూ పెరుగూ అందులోకి పోవని ఆమె తీర్పు. వాన వెలిసిన ఉక్కలో పాలు విరిగేవి. విరిగినవి పారబోసేది గానీ తీర్పు మాత్రం మార్చుకోలేదు.

ఎంగిలి అంటే నిజంగా ఎంగిలే. నా భర్త భిక్షపతి ఎల్బీనగర్ నుంచి రాజమండ్రికి రాత్రి బస్సు నడిపేవాడు. ఒక రాత్రి పోవడం, మర్నాటి రాత్రి రావడం. వానలు మొదలయ్యే ముందు, బస్సులు ఆగేచోట ఒక పరిశోధన సంస్థవాళ్లు టెంటు వేసుకుని డ్రైవర్లతో మాట్లాడారు. రాత్రి నిద్ర లేని ఒంట్లో రోగనిరోధక శక్తి ఎలా మారుతుందో వాళ్లు చూస్తారట. ముందు ఫ్లూ టీకా వేస్తారు. తర్వాత కొన్ని నెలలపాటు ఉమ్మిని చిన్న గొట్టాల్లో తీసుకుని అందులో యాంటీబాడీలు ఎంత ఉన్నాయో కొలుస్తారు. రాత్రి మేలుకునే మనిషి ఒకరు, అదే ఇంట్లో రాత్రి నిద్రపోయే మనిషి ఒకరు కావాలి. ఒకే వంట, ఒకే నీళ్లు, నిద్ర ఒక్కటే వేరు. ఇద్దరినీ పక్కపక్కన పెడితే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. అందుకు నేను కావలసి వచ్చాను.

"నువ్వు పండుకోవాలె, నేను మేల్కోవాలె. మనం రోజు చేసేదే గదా," అన్నాడు.

"పొద్దున లేస్తనే గొట్టంల ఉమ్ముడేంది, రోత," అన్నాను.

"ఇన్నేండ్ల నుంచి నడుపుతున్న గీతా. బండి డీజిల్ ఎంత తాగిందని అడుగుతరు. టైర్ ఎంత అరిగిందని అడుగుతరు. ఎంతసేపు పండుకున్నవని అడిగినోళ్లు గీళ్లే. నా నిద్ర ఒక్కకాడన్న లెక్కల ఉండనియ్యి."

నేను చైతన్యపురికి ఇవతల ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెబుతాను. మాటలతో పని చేసేదాన్ని కాబట్టి మాటకు లొంగుతాను. ఒప్పుకున్నాను.

ఆ గొట్టాల డబ్బాలు రెండూ తెచ్చిచ్చిన డాక్టరు పేరు బిందుమాధవి. ఇంకా చదువు వాసన పోని అమ్మాయి. ఏలూరు వైపు మాట. "రాత్రి మేలుకునేవారికి ఎర్ర మూతలు, పడుకునేవారికి నీలం మూతలు అండీ. పళ్లు తోమకముందే ఇవ్వాలి. కాండ్రించి ఉమ్మొద్దు, నోట్లో ఊరనిచ్చి గొట్టంలోకి జారనివ్వండి. వెంటనే ఫ్రీజర్‌లో పెట్టేయండి," అని రెండుసార్లు చెప్పింది.

ఆమె మెట్లు దిగేదాకా అత్తమ్మ ఓపిక పట్టింది.

"తిండి పెట్టేకాడ ఎంగిలి పెడతావుర భిక్షం? గా దవాఖానోళ్లు వాళ్లింట్ల పెట్టుకోరాదా?"

"ఇది సైన్సు అమ్మా."

"సైన్సుకు సిగ్గు లేదా?"

అతను నవ్వాడు. ఆ రోజు నుంచి ఆమె ఫ్రీజర్ తలుపును కొంగు అంచుతో తప్ప ముట్టుకోలేదు. ఏదైనా తీయాల్సి వస్తే ఆ డబ్బాలను పేపరు ముక్కతో పక్కకు నెట్టేది. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కునేది. నాకూ రోతగానే ఉండేది. అతను ఇంటికి వచ్చిన పొద్దున ఇద్దరం మంచం మీద ఎదురెదురుగా కూర్చుని, మాట్లాడకుండా, తల వంచుకుని గొట్టాల్లోకి లాలాజలం జారవిడుచుకునేవాళ్లం. కాళ్లు వాచి, కళ్లు ఎర్రబడి, రాత్రంతా ఇంజను పక్కన కూర్చున్న వాసనతో అతను. కడుపునిండా నిద్రపోయిన నేను. నా గొట్టం తొందరగా నిండేది. అతని నోరు ఎండిపోయి ఉండేది. "ఊరత లేదు, ఏదన్న పులుపు యాది చెయ్యి," అనేవాడు. నేను చింతకాయ తొక్కు అనేదాన్ని. అతను నవ్వితే ఉమ్మి గొట్టం బయట పడేది.

శ్రావణంలో ఒక పొద్దున వణుకుతూ వచ్చాడు. బడిలో సగం మంది పిల్లలు దగ్గుతున్న రోజులవి. మాత్ర ఇవ్వబోతే వద్దని చెయ్యి చూపించాడు. "ముందు గొట్టం తే. జ్వరం ఉన్నదాన్ని సుతం చూస్తరేమో." ఎర్ర మూత తనే బిగించాడు. చెయ్యి నిలవక రెండోసారి బిగించాడు.

ఆ తర్వాతిది కొద్దిగానే చెబుతాను. జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆస్పత్రిలో గొంతులోంచి గొట్టం వేసి కఫం లాగేవాళ్లు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. గాజుసీసాలో పసుపుపచ్చని నురగ చేరుతుంటే, పక్కన నిలబడ్డ కుర్ర డాక్టరు ఫోనులో ఎవరితోనో మధ్యాహ్నం తిండి సంగతి మాట్లాడుతున్నాడు. వారం తిరగకముందే నా భర్త చనిపోయాడు.

కింది వాటాలో మా ఇంటి ఓనరు కుసుమకుమారి ఉంటుంది. తెనాలి మనిషి. శవాన్ని తీసుకొచ్చిన రోజు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మెట్ల మొదట్లోనే నిలబడింది.

"ఏదో అంటుకునేదేమో, జాగ్రత్తమ్మా గీతా. ఏమీ అనుకోకు, మెట్లు ఫినాయిల్‌తో కడిగిస్తాను. మూడోనాడు కాకికి పెట్టడం అవీ మా మేడ మీద వద్దు. అక్కడ వడియాలు ఎండబెట్టుకుంటాం కదా." కొంగు సర్దుకుని, సానుభూతిగా అంది. "ఇమ్యూనిటీ లేని మనిషి పాపం. మావారు రోజూ మిరియాల కషాయం తాగుతారు. తుమ్మితే ఒట్టు."

అందుకని మూడోనాడు బూడిద ఎత్తడమూ, పిట్టకు పెట్టడమూ శ్మశానంలోనే చేశాం. రాత్రి పడ్డ వానకు నేలంతా నల్లటి బురద. ఎవరివో పాత పూలదండలు కుళ్లి వాసన వస్తున్నాయి. అతనికి ఇష్టమని మటన్ కూర, ఉడికిన గుడ్లు, పేపరు గ్లాసులో టీ పెట్టాం. మా మరిది లింగస్వామి తుర్కయంజాల్ దాటి పోయి కల్లు తెచ్చాడు. ఆకు పరిచి అందరం దూరం జరిగాం.

కాకులు రేకుల షెడ్డు మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు.

"అన్నా, అమ్మను నేను చూసుకుంట," అన్నాడు లింగస్వామి చేతులు జోడించి. కాకులు కదల్లేదు. "వదిన నౌకరీ జోలికి ఎవ్వరం పోము. ఊరికి రమ్మని తిప్పలు పెట్టము." అప్పుడూ కదల్లేదు. కూర మీద ఈగలు ముసిరాయి. బంధువుల్లో ఒకాయన వాచీ చూసుకున్నాడు. "ఏందో మిగిలిపోయింది. పోయినాయన మనసు దేని మీదనో ఉంది. యాది చేసుకోండ్రి," అన్నాడు.

అత్తమ్మ అప్పటిదాకా బురదలోనే కూర్చుని ఉంది. ఉన్నట్టుండి లేచింది. ఎవరికీ చెప్పకుండా గేటు దాకా నడిచి ఆటో ఎక్కింది. లింగస్వామి వెనక పరిగెత్తేలోపే ఆటో వెళ్లిపోయింది. చాలాసేపటికి తిరిగొచ్చింది. చేతిలో తువ్వాలలో చుట్టిన చిన్న మూట. తిన్నగా బూడిదకుండ దగ్గరికి పోయి, ఎముకల మీద ఆ మూట పెట్టి, తనే గుడ్డ కట్టేసింది. కొంగుతో రెండు చేతులూ చాలాసేపు తుడుచుకుంది.

ఏదో బట్ట అనుకున్నాను. అడగలేదు.

కాసేపటికి ఒక కాకి దిగింది. గుడ్డును పొడిచింది. వెనకే ఇంకొన్ని దిగాయి. "ముట్టింది, ముట్టింది," అన్నారు ఆడవాళ్లు. లింగస్వామి ఏడ్చాడు. ఆ మధ్యాహ్నమే కుండ తీసుకుని వాడపల్లి పోయి కృష్ణలో కలిపి వచ్చారు.

పదకొండోనాడు టెంటు కింద భోజనాలు పెట్టాం. బంధువులు బొక్కలు నోట్లో పెట్టుకుని మూలుగ చీకుతూ నా భర్త ఎందుకు పోయాడో నిర్ణయించారు. ఒకాయన బయటి తిండి అన్నాడు. ఒకామె ఏసీ గాలి అంది. "డ్రైవర్లకు ఇమ్యూనిటీ ఏడుంటదే, అంత టీ మీదనే బతుకుతరు," అంది ఇంకొకామె, వేళ్లు నాక్కుంటూ. ఆ వేళ్లతోనే నా బుగ్గ నిమిరింది. నూనె అంటింది. తుడుచుకోవడం బాగుండదని అలాగే కూర్చున్నాను.

బడికి పోయిన మొదటిరోజు ప్రార్థన దగ్గర హెడ్మాస్టరు రామారావుగారు మైకు అందుకున్నారు. "మన గీతా టీచర్ గారింట్లో ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. అందుకే పిల్లలూ, ఇమ్యూనిటీ పెంచుకోవాలి. పండ్లు తినాలి. చిప్స్ మానెయ్యాలి." పిల్లలంతా నా వైపు తిరిగారు. నా తరగతి వరసలో ఒక పిల్ల చేతిలోని చిప్స్ ప్యాకెట్‌ను మెల్లగా వీపు వెనక దాచుకుంది.

ఇమ్యూనిటీ అన్న ఆ మాటను నేను పాఠాల్లో రోగనిరోధక శక్తి అని ఎన్నోసార్లు రాయించాను. పదం మంచిదే. ఆ వానాకాలంలో దాని పని మారిపోయింది. బతికున్నవాళ్లు పోయినవాడిని తప్పుపట్టడానికి దొరికిన మర్యాదైన మాటగా మారింది. అది అన్న ప్రతివాళ్లూ తమ ఛాతీ మీద చెయ్యి వేసుకున్నట్టే అనేవాళ్లు. ఎవరూ అతను ఎంతసేపు పడుకునేవాడని అడగలేదు. అడిగింది ఆ గొట్టాలవాళ్లే. అందుకే బిందుమాధవి ఫోను చేసి ఆదివారం వస్తానన్నప్పుడు, ఆ ఎర్ర మూతల డబ్బా ఆమె చేతిలో పెట్టేస్తే ఒక పని అయిపోతుందనుకున్నాను. అతను అడిగిన పని అదొక్కటే. అప్పటిదాకా నేను ఫ్రీజర్ తలుపు తీయలేదు. పాలు కిటికీ గట్టు మీదే ఉన్నాయి.

ఆదివారం వీధి చివర వినాయకుడి మైకు మోగుతోంది. బిందుమాధవి ఐసు పెట్టె పట్టుకుని వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది.

"చాలా బాధగా ఉందండీ. ఆయన ఎంత పద్ధతిగా ఇచ్చేవారో. మా రికార్డులో డ్రాపౌట్ అని పడింది. నాకే అదోలా అనిపించింది."

"మా బడిలో డ్రాపౌట్ అంటే బడి మానేసిన పిల్లవాడు," అన్నాను.

ఆమె తల దించుకుంది. తర్వాత చేతులకు తొడుగులు వేసుకుంది. నేను ఫ్రీజర్ తెరిచాను. మంచు పేరుకున్న అరలో ఒకటే డబ్బా ఉంది.

"ఎరుపు ఉంది. నీలం ఏదండీ?"

వంటింట్లో మెంతికూర తెంపుతున్న అత్తమ్మ తల తిప్పకుండానే జవాబు చెప్పింది. "అది ఈడ లేదు బిడ్డా. వాడపల్లికి తోలిచ్చిన. బొక్కలతోని నీళ్లల్ల కలిసింది. నా కొడుకు ఒంట్లకెళ్లి వచ్చింది అది. వాడు లేనంక ఎవరి చేతులనో ఎందుకు పడాలె? అది పెట్టినంకనే గదా కాకి ముట్టింది."

తువ్వాల మూట నా కళ్ల ముందుకు వచ్చింది. బిందుమాధవి మాట్లాడకూడదని ఆమె వైపు చూశాను. ఆమెకు నా చూపు అర్థం కాలేదు.

"నీలం గీత గారిది కదండీ," అంది. "మీ అబ్బాయిది ఇదిగో, ఎరుపు."

మెంతికూర తెంపుతున్న చేతులు ఆగాయి.

"ఎరుపు ఆడోళ్లది గదా," అంది అత్తమ్మ. మళ్లీ, "వాడు తొడిగేది నీలం అంగీనే గదా," అంది. బస్సు కంపెనీవాళ్లు అతనికిచ్చిన యూనిఫాం అది.

ఆమె లేచి వచ్చింది. నా ముఖంలోకి చూసింది. జ్వరం ఉందేమో చూసినట్టు నా నుదురు మీద, మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. చెయ్యి మెంతివాసన వేసింది.

"బతికున్న పిల్లది బొక్కలల్ల కలిపిన్నా నేను?"

"నాకేం కాలే అత్తమ్మా."

"మరి గా కాకి దేనికి ముట్టింది?"

మైకులో ఎవరో లడ్డూ వేలం గురించి చెబుతున్నారు. బిందుమాధవి తొడుగుల చేతులను ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"అయితే ఒక చిక్కు ఉందండీ," అంది చివరికి. "జంటలో ఒకరివి లేకపోతే రెండోవారివి లెక్కలోకి రావు. పక్కన పెట్టి చూడ్డానికి మీవి ఉండాలి కదా."

"ఇప్పుడు మళ్లీ ఇస్తాను."

"ఇప్పుడు మీరు పనికిరారు..." ఆ మాట ఆమెకే చేదుగా తగిలినట్టుంది. "అంటే, మీ నిద్ర మారిపోయి ఉంటుందండీ. దుఃఖంలో ఉన్న ఒంట్లో యాంటీబాడీలు వేరుగా ఉంటాయి. మునుపటి మీతో పోల్చలేం."

"ఆయన ఎండిన నోటితో పొద్దున్నే ఇచ్చినవి. జ్వరంలో ఇచ్చింది కూడా ఇందులో ఉంది. వాటినిబట్టి ఆ నిద్ర గురించి ఏమీ చెప్పలేరా?"

"ఒక్క మనిషిని బట్టి ఏదీ చెప్పలేమండీ. చెబితే అబద్ధం అవుతుంది."

"మాకున్న భిక్షం ఒక్కడేనాయె," అంది అత్తమ్మ.

ఆ పిల్ల చెప్పింది నిజమే. ఆ వానాకాలంలో నా భర్త గురించి తెలియనిది తెలియదని చెప్పింది ఆమె ఒక్కతే. అయినా ఆ తొడుగుల చేతుల మీంచి చూపు తిప్పేసుకున్నాను.

"మరి ఇది?" అని డబ్బా చూపించాను.

"మేం వెనక్కి తీసుకోలేమండీ. లెక్కలోంచి తీసేసినవి మా దగ్గర ఉంచుకోకూడదు. సింకులో పోసి నీళ్లు వదిలేయండి. హాని ఏమీ ఉండదు." ఐసు పెట్టె మూత వేసింది. లేవబోయి ఆగింది. "చెప్పొచ్చో లేదో గానీ, మా దగ్గరే ఇంకో పరిశోధన మొదలవుతోందండీ. భాగస్వామి పోయినవారిలో ఇమ్యూనిటీ ఎలా మారుతుందని. టీకా రోజున కొలిచిన మీ లెక్కలు మా ల్యాబులో ఉన్నాయి కాబట్టి, మీరు సరిగ్గా..."

సరిపోతారు అనే మాట ఆమె అనలేదు. నేను విన్నాను.

"టీ తాగి పోమ్మా," అన్నాను. పాలు విరిగాయని అప్పటికి నాకు తెలియదు. ఆమె వద్దండీ అని చెప్పి, తొడుగులు విప్పి ఎక్కడ వెయ్యాలో తెలియక బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది. కింద కుసుమకుమారి ఆమెను ఆపి ఏదో అడగడం వినిపించింది. "ఏదైనా అంటుకునేదేనా అమ్మా?" అని.

డబ్బా పట్టుకుని సింకు దగ్గర నిలబడ్డాను. చల్లదనం వేళ్లకు ఎక్కింది. మూతల మీద మంచు కరిగి ఎరుపు బయటపడుతోంది. ఒక మూత మిగతావాటికన్నా గట్టిగా బిగించి ఉంది. అది ఏ రోజుదో నాకు తెలుసు. కొళాయి తిప్పాను. గొట్టం మూత మీద చెయ్యి వేశాను గానీ తిప్పలేకపోయాను.

అత్తమ్మ వెనక నుంచి వచ్చి కొళాయి కట్టేసింది. పేపరు ముక్క తీసుకోలేదు. కొంగు అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులతో డబ్బాను నా దగ్గర నుంచి తీసుకుంది.

"నీకు రోత అయితున్నాదె?"

"లేదత్తమ్మా."

"నాకైతే అయ్యింది. ఇన్నొద్దులు అయ్యింది." డబ్బాను కడుపుకు ఆనించుకుంది. చీర తడిసింది. "వాడు చిన్నప్పుడు జామకాయ కొరికి నా నోట్ల పెట్టేటోడు. తినకుంటే ఏడ్చేటోడు. వాని ఎంగిలి నేను తినలేదా?"

ఫ్రీజర్ తలుపును ఒట్టి చేత్తో తీసి, డబ్బాను మునుపటి చోటే పెట్టింది. చేతులు కడుక్కోలేదు. కిటికీ గట్టు దగ్గరికి పోయి పాలగిన్నె మీది తడిగుడ్డ ఎత్తి వాసన చూసింది. విరిగిన పాలు సింకులో పోసి, గిన్నె తోమింది. చెప్పులేసుకుని కిందికి దిగింది. మూల దుకాణం నుంచి పాల ప్యాకెట్ తెచ్చి, ఆ డబ్బా కిందనే, మొదటి అరలో పెట్టి ఫ్రిజ్ తలుపు మూసింది.

"వాడపల్లిల నీది కలిసింది గదా," అంది నా వైపు చూడకుండా. "వాడు ఎప్పుడు పోయినా రాత్రి ఒక్కడే పోయేటోడు."

మర్నాడు పొద్దున ఆ పాలతోనే టీ పెట్టింది. ఇద్దరం తాగి, నేను బడికి పోయాను.